కలరా ఉండలూ పచౌలి ఆకూ

మొన్న ఒక పెళ్ళిలో ముందు వరసలో కూర్చున్నావిడ ధర్మవరం పట్టుచీర నుంచి కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. మల్లెపూలు, సాంబ్రాణి, వంటశాల నేతి ఘుమఘుమ ఏవీ దాని ముందు నిలవలేదు. రూమ్ ఫ్రెషనర్ల తర్వాత ఈ కాలమ్‌లో నా చేత ఎక్కువ తిట్లు తిన్నవి ఆ ఉండలే.

ఆ మంట మీదే, ఆ ఉండల బదులు బట్టల్లో పెట్టుకునే పచౌలి ఆకుని పొగుడుదామని కూర్చున్నాను. తులసికీ పుదీనాకీ చుట్టం. ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ వైపు బాగా పండుతుంది. చెట్ల నీడంటే దానికి ఇష్టం, అందుకే మన దక్షిణాదిలో కొబ్బరి, పోక తోటల్లో అంతరపంటగా వేస్తారు. కొమ్మ గుచ్చితే బతుకుతుంది. ఆకు మెత్తగా, నూగుతో, అంచున పళ్ళతో ఉంటుంది. నలిపితే తొలకరికి తడిసిన మట్టి వాసన, వెనకే కాస్త కర్పూరం. కోసిన ఆకును నీడన ఆరబెట్టి, ఆ తర్వాతే ఆవిరి పట్టి నూనె తీస్తారు. ఆ నూనె పాతబడేకొద్దీ ఘాటు తగ్గి బాగుపడుతుంది. ఏదైనా తాజాగానే ఉండాలని వాదించే నాకిది మింగుడుపడదు.

19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువాలు పురుగు పట్టకుండా మడతల్లో ఈ ఆకు పెట్టి యూరప్‌కి పంపేవారు. అక్కడి దొరసానులకు ఆ వాసనే అసలు సరుకుకి గుర్తయింది. స్కాట్లండ్‌లో పైస్లీ నేతగాళ్ళు, ఫ్రాన్సు వాళ్ళు మన మామిడిపిందె బుటాని అచ్చుగుద్దినట్టు దించేశారు. వాసన లేక బేరం కుదరకపోతే ఆకునే తెప్పించి నకలు శాలువాల్లో దూర్చి అమ్మారని చెబుతారు. నేను నెత్తిన పెట్టుకోబోయిన ఆకు చేసిన ఘనకార్యం ఇదన్నమాట! కలరా ఉండ దుర్మార్గమే కానీ, ఇంకోటిలా నటించదు.

మా అమ్మమ్మ భోషాణంలో ఎండిన వేపాకు, వట్టివేళ్ళ మూటలు ఉండేవి. ఆవిడ మాత్రం వాటినే నమ్ముకుని కూర్చోలేదు. వానలు వెనకబట్టగానే చీరలన్నీ దింపి, నీడపట్టున దండెం మీద ఆరేసి, పాత మడత మీద మళ్ళీ మడత పడకుండా తిప్పి పెట్టేది. పట్టు చిరిగేది ఆ గీత దగ్గరే అనేది. మేం పిల్లలం చీరల కింద దూరితే వీపు మోగేది. కదిలించని బట్టలోనే పురుగు కాపరం పెడుతుంది మరి.

కాబట్టి పచౌలి సంచులు కొనకండి. ఏడాదికోసారి మడత మార్చే ఓపిక లేకపోతే కలరా ఉండలే వేసుకోండి. కాకపోతే గుడ్డలో మూటగట్టి, జరీకి తగలకుండా పెట్టె మూలన పెట్టండి.