కొత్తిమీర కట్టతో గెలిచిన సభ

ఏథెన్స్ కౌన్సిల్ కొలువుతీరి ఉంది. తోలు వ్యాపారి ఒకడు గొంతు చించుకుంటున్నాడు. గుర్రపు దళం వాళ్లంతా ద్రోహులట, ఊళ్లో కుట్ర నడుస్తోందట. సభ్యుల కనుబొమలు ముడిపడ్డాయి, నమ్మేసేలా ఉన్నారు. ఇంతలో పేగుల్లో మాంసం కూరి బజారులో అమ్ముకునే వాడొకడు కటకటాలు తోసుకుని లోపలికొచ్చాడు. యుద్ధం మొదలయ్యాక నెత్తళ్లు ఇంత చవగ్గా ఎప్పుడూ దొరకలేదని ఒక కబురు విసిరాడు. అంతే, కుట్ర సంగతి గాలికి పోయింది. ఊళ్లో గిన్నెలన్నీ ముందే లాగేసుకుంటే చేపలు ఇంకా అగ్గువకొస్తాయని గుట్టుగా సలహా కూడా ఇచ్చాడు. చప్పట్లు మోగాయి.

తోలు వ్యాపారి ఊరుకుంటాడా? ఈ శుభవార్తకు అమ్మవారికి వంద ఎద్దులు బలి ఇద్దామన్నాడు. వీడు రెండు వందలన్నాడు, పైన వెయ్యి మేకలూ మొక్కాడు. పాపం తోలు వ్యాపారికి ఆఖరి ఆయుధం ఒకటే మిగిలింది: స్పార్టా నుంచి సంధి కబురుతో దూత వచ్చాడు, ఒక్క క్షణం వినండి అన్నాడు. మన దగ్గర నెత్తళ్లు చవకయ్యాయని తెలిసి వచ్చుంటారు, ఇప్పుడు సంధి ఎవడిక్కావాలి అంటూ సభ్యులు కటకటాలు దూకి బజారుకు పరుగెత్తారు. అప్పటికే మన పేగుల బేరగాడు అడ్డదారిన పోయి బజారులో ఉన్న కొత్తిమీరా ఉల్లికాడలూ మొత్తం కొనేశాడు. చేపల్లోకి రుచికోసం అని చెప్పి వచ్చినవాళ్లకు వచ్చినట్టు ఉచితంగా పంచిపెట్టాడు. ఒక ఓబోలు చిల్లరకు వచ్చే కొత్తిమీరతో కౌన్సిల్ మొత్తాన్ని చంకన పెట్టుకుని వచ్చాడు.

క్రీ.పూ. 424లో అరిస్టోఫనీస్ ఆడించిన ‘నైట్స్’ అనే హాస్య నాటకంలోది ఈ ఘట్టం. విచిత్రం ఏమిటంటే ఇందులో ఏదీ రంగం మీద జరగదు. కౌన్సిల్ కనిపించదు, చేపలూ కనిపించవు. పేగులమ్మేవాడొక్కడే తిరిగొచ్చి, రంగం మీద పాటలు పాడే బృందానికి కథలా చెబుతాడు. ఒకే నటుడు ఆ అరుపులూ ఆ పరుగులూ అన్నీ తన గొంతుతో పలికించాలి. వెయ్యి మేకల మొక్కు కూడా ఊరికే అన్నది కాదు. మారథాన్ యుద్ధానికి ముందు ఏథెన్స్ వాళ్లు చంపిన శత్రువుకొక మేక చొప్పున ఆర్టెమిస్ దేవతకు మొక్కుకున్నారు. తాతలు దేశం నిలబెట్టుకోవడానికి మొక్కిన మొక్కును మనవలు చేపల ధరకోసం మొక్కుతున్నారు. ప్రేక్షకులకు అది విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

అరిస్టోఫనీస్ నాటకాలు ఏథెన్స్ పాత హాస్య నాటక సంప్రదాయానికి చెందినవి. ఆయన రాసినవి నలభై దాకా ఉంటాయంటారు, మనకు పూర్తిగా మిగిలినవి 11. ఆ సంప్రదాయంలో రాజకీయ నాయకుణ్ణి పేరు పెట్టి, లేదా పేరు పెట్టనవసరం లేనంత స్పష్టంగా, ఊరందరి ముందూ ఉతికి ఆరేయడం మామూలు. అదీ చాటుగా కాదు, నగరం జరిపే డయోనిసస్ దేవుడి పండుగలో, ఒక ధనవంతుడు బృందం ఖర్చు భరించగా, న్యాయనిర్ణేతలు బహుమతులు ఇవ్వగా. ‘నైట్స్’ ఆడింది లెనయా అనే చలికాలపు పండుగలో. సముద్రం మీద రాకపోకలు తక్కువ కనుక అప్పుడు పరాయి ఊళ్ల వాళ్లు పెద్దగా ఉండరు. ఇంటి గుట్టు ఇంట్లోనే రట్టు చేసుకోవచ్చు. ఆ జాగ్రత్తకు కారణముంది. క్రీ.పూ. 426లో విదేశీయులు నిండుగా ఉన్న వసంతోత్సవంలో ‘బాబిలోనియన్స్’ ఆడించినందుకు క్లియోన్ అనే నాయకుడు అరిస్టోఫనీస్‌ను కౌన్సిల్ ముందుకు ఈడ్చాడు. అప్పటికి ఈ కవికి ఇరవై దాటి ఎంతో కాలేదు.

తోలు వ్యాపారి ఆ క్లియోనే. అతనికి తోళ్లు శుద్ధి చేసే వ్యాపారం ఉండేది. 425లో పైలోస్ దగ్గర స్పార్టా సైనికులు ఒక దీవిలో చిక్కుకుపోతే, ఇరవై రోజుల్లో తేలుస్తానని సభలో బీరాలు పలికాడు. సేనాని నికియస్ అయితే నువ్వే వెళ్లు అని పక్కకు తప్పుకున్నాడు. ఎవరూ నమ్మలేదు, కానీ అన్నంత పనీ చేసి 292 మంది బందీలతో తిరిగొచ్చాడు. అసలు అక్కడ ముందునుంచీ కష్టపడి కోట కట్టి కూర్చున్నది డెమాస్థనీస్ అనే మరో సేనాని. పేరు మాత్రం క్లియోన్‌కు వచ్చింది, దాంతోపాటు నగరం ఖర్చుతో భోజనం, నాటకశాలలో ముందు వరుస పీట. ఆ ముందు వరుస గౌరవం దక్కిన కొద్ది నెలలకే ఈ నాటకం ఆడారు.

ఇక పనితనం చూద్దాం. ఆధునిక అర్థంలో ఏథెన్స్‌లో పార్టీలు లేవు. గుర్తులు, సభ్యత్వాలు, మేనిఫెస్టోలు లేవు. వర్గాలున్నాయి. గుర్రం పోషించుకోగల సంపన్నులు ఒకవైపు, ఓడల్లో తెడ్లు వేసే పేదలు ఒకవైపు, ఆ పేదల ఓట్లతో పైకొచ్చిన వక్తలు మధ్యలో. ఈ గందరగోళాన్ని అరిస్టోఫనీస్ ఒక ఇంటి గొడవగా మార్చేశాడు. ఇంటి యజమాని పేరు డీమోస్, అంటే జనం. ముక్కు మీద కోపం, సగం చెవుడు, బీన్స్ గింజలు నమిలే ముసలాడు. పదవులకు చీటీ తీసేటప్పుడు అక్కడ వాడేవి ఆ గింజలే. ఆ ఇంట్లో కొత్తగా కొన్న బానిస క్లియోన్, నాటకంలో పాఫ్లగోనియా వాడు. యజమానిని కాకాపట్టి తక్కిన బానిసల్ని తన్నిస్తుంటాడు. దెబ్బలు తినే ఇద్దరు బానిసలు నికియస్, డెమాస్థనీస్ అని పేర్లు చెప్పకుండానే తెలిసిపోతుంది. పైలోస్‌లో తాను పిసికిన రొట్టెను వీడు ఎత్తుకుపోయి తన చేత్తో వడ్డించాడని ఒక బానిస ఏడుస్తాడు. యుద్ధ చరిత్ర మొత్తం ఆ ఒక్క రొట్టెలో ఇమిడిపోయింది.

ఇలా ఒక పోలికను పట్టుకుని దాన్ని అక్షరాలా నిజం చేసి ఆడించడం ఈ సంప్రదాయంలో మొదటి విద్య. రెండో విద్య వేలంపాట. ప్రత్యర్థులు ఇద్దరూ ఒకరిమీద ఒకరు పాడుకుంటూ పోతారు. గట్టిగా అరవడంలో పోటీ, భవిష్యవాణి పత్రాల్లో పోటీ, వడ్డించడంలో పోటీ. పాఫ్లగోనియా వాణ్ణి దింపడానికి బానిసలకు దొరికిన మార్గం కూడా ఒక దొంగిలించిన భవిష్యవాణే. నార అమ్మేవాడి తర్వాత గొర్రెలమ్మేవాడు, వాడి తర్వాత తోళ్లమ్మేవాడు, వాణ్ణి దించేది పేగులమ్మేవాడు అని అందులో రాసుంది. నాయకుణ్ణయ్యే అర్హత నాకెక్కడిది, నాలుగక్షరాలు తప్ప రావు, అవీ సరిగ్గా రావు అని వాడు మొత్తుకుంటే, ఆ నాలుగు వచ్చినందుకే కాస్త బెంగగా ఉందంటారు వాళ్లు.

వేలంపాటలో నాకు అన్నిటికంటే నచ్చేది పరుపు ముక్క. సభ జరిగే పిన్యక్స్ కొండ మీద జనం రాళ్ల మీదే కూర్చునేవాళ్లు. పేగులమ్మేవాడు ఒక మెత్త తెచ్చి, సలామిస్ యుద్ధంలో తెడ్లు వేసి నలిగిన డీమోస్ పిరుదుల కింద ఆప్యాయంగా సర్దుతాడు. డీమోస్ కరిగిపోతాడు. ఇన్నేళ్లలో ఇంత చిన్న ఉపకారం ఎవరూ చెయ్యలేదే అనుకుంటాడు. తర్వాత చెప్పులు, ఆపైన అంగీ. పాఫ్లగోనియా వాడు కంగారుగా తన పైబట్ట తీసి కప్పబోతే తోలు కంపు కొడుతోందని ముసలాడు విదిలించుకుంటాడు. ఎన్నికల ముందు ఇంటికొచ్చే చీరలూ కుక్కర్లూ చూసిన మనవాళ్లకు ఈ ఘట్టానికి పాదసూచిక అక్కర్లేదు. ఆ మెత్త నిజంగా మెత్తగానే ఉంటుంది, ముసలాడికి నిజంగానే సుఖంగా ఉంటుంది. కవి దాన్ని దాచడు. ఉచితం తీసుకున్నవాణ్ణి వెక్కిరించి వదిలేసే మన టీవీ చర్చల కంటే ఇక్కడ నిజాయితీ ఎక్కువ.

మూడోది పరబాసిస్. కథ మధ్యలో ఆగిపోతుంది, పాత్రలు లోపలికి పోతాయి, 24 మంది బృందం తిన్నగా ప్రేక్షకుల వైపు తిరిగి కవి తరఫున మాట్లాడుతుంది. మన తోలుబొమ్మలాటలో రామాయణం మధ్య కేతిగాడు దూరి ఊరి సంగతులు మాట్లాడినట్టే, కాకపోతే ఇక్కడ దానికి ఛందస్సు, అంగాలు, క్రమం అన్నీ ఉన్నాయి. ‘నైట్స్’లో బృందం గుర్రపు దళం. తమ గుర్రాలు ఓడలెక్కి తెడ్లు పట్టి మనుషుల్లా నడిపాయని గొప్పలు చెప్పుకుంటారు. పాత కవుల్ని ఊరు ఎలా వాడుకుని పారేసిందో చెబుతూ, ముసలి క్రాటినస్ తాగుడుకు బానిసై తీగలు ఊడిన వాద్యంలా తిరుగుతున్నాడని జాలిపడతారు. ఆ క్రాటినస్ అదే పోటీలో ఉన్నాడు, రెండో బహుమతి కూడా అతనిదే. మరుసటి ఏడాది తన తాగుడునే కథగా రాసి మొదటి బహుమతి ఎగరేసుకుపోయాడు. అరిస్టోఫనీస్ ‘క్లౌడ్స్’ ఆ పోటీలో మూడో స్థానంతో సరిపెట్టుకుంది.

ఇన్ని హంగులున్నా, నాటకం అసలు దెబ్బ క్లియోన్ మీద పడదు. సుమారు 1400 పాదాల నాటకంలో డీమోస్ రంగం మీదకు వచ్చేసరికి సగం అయిపోతుంది. అంతసేపూ వాడి గురించి వినడమే. వచ్చాక కూడా చాలాసేపు ఇద్దరి మధ్య నోరు తెరుచుకు చూస్తుంటాడు. అప్పుడు బృందం పాటలో మందలిస్తుంది: అందరూ నిన్ను చూసి వణుకుతారు కానీ, ఎవడు పొగిడితే వాడి వెంట పోతావు. దానికి డీమోస్ ఇచ్చే జవాబు ఉలిక్కిపడేలా చేస్తుంది. నేను తెలివితక్కువవాణ్ణనుకుంటున్నారా, కావాలనే నటిస్తున్నాను అంటాడు. ఒక దొంగను నాయకుడిగా పెంచి, బాగా మేసి బలిసాక పట్టుకుని బాదుతాడట. ఓటు పెట్టెకు పెట్టే గరాటాను గొంతులోకి దూర్చి మింగిందంతా కక్కిస్తాడట.

ఇది నమ్మాలా? నాటకశాలలో కూర్చున్న ప్రతివాడూ అప్పుడు మురిసిపోయే ఉంటాడు, తన తెలివికి తానే. కానీ ముగింపులో పేగులమ్మేవాడు డీమోస్‌ను కాగులో ఉడికించి మళ్లీ మారథాన్ నాటి పడుచువాణ్ణి చేస్తాడు. పడుచు డీమోస్‌కు తన పాత చేష్టలు ఒక్కొక్కటీ చెబుతుంటే, నేనంత మూర్ఖుణ్ణా, నన్నలా మోసం చేశారా అని తలదించుకుంటాడు. అన్నీ తెలిసే నటించినవాడు సిగ్గుపడటం ఎందుకు? రెండిట్లో ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో కవి తేల్చడు. పండితులు దీన్ని నిర్మాణ లోపంగా చూడొచ్చు. నాకు మాత్రం నాటకంలో అత్యంత నిజమైన చోటు ఇదే అనిపిస్తుంది. ఓటరు తన గురించి తాను చెప్పుకునే రెండు కథలూ ఇక్కడున్నాయి: నేను మోసపోలేదు, నన్ను మోసం చేశారు.

కవిని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు కూడా. అతని సానుభూతి గుర్రాలున్నవాళ్ల పక్షాన ఉంది. తక్కువ పుట్టుకవాడు అధికారంలోకి రావడమే అతనికి సగం నవ్వులాట. క్లియోన్ న్యాయసభ్యుల రోజు భత్యాన్ని రెండు ఓబోలుల నుంచి మూడుకు పెంచాడు. పనికి పోలేని ముసలివాళ్లకు అది అన్నం, కవికి లంచం. చివర్లో 30 ఏళ్ల సంధిని ఆడవేషంలో తెచ్చి డీమోస్‌కు కానుకగా అప్పగించడం చూస్తే, ఆ బంగారు గతం ఎవరికి బంగారమో తెలుస్తుంది. పేగులమ్మేవాడు ఉన్నట్టుండి సద్బుద్ధిమంతుడైపోవడం కూడా నాకు మింగుడుపడదు.

‘నైట్స్’కు మొదటి బహుమతి వచ్చింది. ఆ జనమే కొన్ని వారాల్లోనే క్లియోన్‌ను పదిమంది సేనానుల్లో ఒకడిగా ఎన్నుకున్నారు. వ్యంగ్యం పనిచెయ్యదనడానికి దీన్ని సాక్ష్యంగా చూపిస్తుంటారు. కానీ పైలోస్ గెలిచి వచ్చినవాణ్ణి ఎన్నుకోవడానికీ, వాడి దొంగతనానికి నవ్వడానికీ ఏథెన్స్ వాళ్లకు వైరుధ్యం కనిపించలేదు. ఈ హాస్యం ఎవర్నీ ఓడించడానికి పుట్టలేదు. నెగ్గినవాడు కూడా ముందు వరుసలో కూర్చుని వేల గొంతుల నవ్వు భరించాల్సిందే అన్న అలవాటు దాని ఫలం. స్పార్టాతో యుద్ధంలో ఏథెన్స్ ఓడిపోయి, అక్కడి ప్రజాపాలన రెండుసార్లు కూలి లేచాక ఆ అలవాటు సన్నగిల్లింది. అరిస్టోఫనీస్ చివరి నాటకాల్లోనే పరబాసిస్ కనబడదు. క్రీ.పూ. 388 నాటి ‘వెల్త్’లో బృందానికి పని పెద్దగా మిగల్లేదు. తర్వాతి తరాల మెనాండర్ కాలానికి హాస్యం ప్రేమలూ తప్పిపోయిన పిల్లలూ జిత్తులమారి నౌకర్లతో ఇళ్లలోకి వెళ్లిపోయింది.

ఈ నాటకాన్ని తెలుగులో ఎత్తుకునే బృందం ఏదైనా ఉంటే, మొదట వచ్చే ఆలోచన తోలు వ్యాపారికి మన నాయకుడెవరి హావభావాలో తొడగడం. ఈలలు గ్యారంటీ. అయితే అప్పుడు హాల్లో సగం మంది హాయిగా నవ్వుతారు, మిగతా సగం మంది లేచిపోతారు, రెండు సగాలకూ ఏమీ తగలదు. తోలు వ్యాపారిని అనుకరణ బాగా వచ్చిన కుర్రాడెవడైనా లాగించేస్తాడు. బృందంలో అందరికంటే మంచి నటుడికి ఇవ్వాల్సిన వేషం డీమోస్.