160 చదరపుటడుగులలో సముద్రసంతానము

వర్లీ బీ.డీ.డీ. చాళ్లలో ఒక కుటుంబమునకు దక్కెడి గది 160 చదరపుటడుగులు. 1920 దశకమున బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు కట్టించిన ఆ కాంక్రీటు చాళ్లలోనికి, బట్టల మిల్లులలో పని వెదకుకొనుచు తరలివచ్చిన తెలంగాణపు పద్మశాలీలు సంసారములతో చేరిరి. అంతకు ఎంతో మునుపే రాళ్లు మోసి, గోడలు లేపి, ఈ నగరమునకు చెమటోడ్చిన కామాఠీలు కామాటిపురమునకు తమ పేరే యిచ్చియుండిరి. మంచము క్రింద పెట్టెలు, దండెముపై బట్టలు, మూలను వంట, ఇన్నిటి నడుమ గోడవార గాజుతొట్టి నిలిపి, పగడపు దిబ్బలలో పుట్టవలసిన చేపపిల్లలను అందులో పెంచవచ్చునా యని అడిగినచో, నవ్వెడివారే యెక్కువ. పెంచవచ్చుననియే నా అభిప్రాయము. ఈ విద్య విశాలమైన యింటిని కోరదు. వేళ తప్పని మనిషిని కోరును.

చేపలను చూచి మురియుట బొంబాయికి క్రొత్త కాదు. మెరైన్ డ్రైవు నందలి తారాపోరేవాలా అక్వేరియము 1951లో తెరవబడినది. కుర్లా చేపల బజారులోను, క్రాఫర్డు మార్కెట్టు దుకాణములలోను ప్లాస్టికు సంచులలో ఊదికట్టిన రంగుచేపలను కొని తెచ్చుకొనని పేట నగరమున ఉండదు. అయితే గప్పీ వంటి మంచినీటి చేప పిల్లలనే కనును, ఆ పిల్లలు పుట్టిననాడే నలిపిన మేతను తినును. అందు మన పనితనము స్వల్పము. నారింజవన్నె దేహముపై మూడు తెల్లని పట్టెలు గలిగి, పిల్లలందరిచేత నీమో యని పిలువబడు క్లౌన్ ఫిష్ విషయము వేరు.

ఈ వంశమున సుమారు 30 జాతులు కలవు. ఇంటి తొట్టికి అనువైనది ఓసెల్లారిస్. దీని దాంపత్యమే ఒక వింత. పిల్లలలో ఆడుది యనునది లేదు. గుంపులో పెద్దదై పెత్తనము సంపాదించినది ఆడుదగును, దాని తరువాతిది మగదై జతకూడును, తక్కినవి ఎదుగుదల నణచుకొని తమ వంతుకై వేచియుండును. ఆడుది మరణించినచో మగదే ఆడుదిగా మారును. క్రిందివానిలో ఒకటి మగదగును. ఈ సంగతిని హాన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె అను జర్మను పరిశోధకులు 1977లో నేచర్ పత్రికలో ప్రకటించిరి. పెంపకదారునకు దీనివలన కలుగు లాభము గొప్పది: అంగడిలో ఆడు మగ తెలియక తికమకపడ నక్కరలేదు. పెద్దదొకటి, చిన్నదొకటి, రెండు పిల్లచేపలను తెచ్చి ఒక తొట్టిలో విడిచిన చాలును. చిన్నది పెద్దదాని యెదుట ఒరిగి ఒళ్లు వణికించినదా, అది లోబడినదని అర్థము, జత కుదిరినట్లే. ఏడాదియో, రెండేండ్లో ఓర్చుకొనవలెను.

సముద్రమున ఈ చేప విషపు కొంగులు గల ఎనిమనీ నీడను వసించును. తొట్టిలో ఎనిమనీ యక్కరలేదు. ధారావి కుంభార్‌వాడాలో దొరకెడి, రంగు పూయని మట్టికుండీ నొకదానిని కడిగి అడ్డముగా పరుండబెట్టినచో, దానినే ఇల్లుగా స్వీకరించును. గ్రుడ్లు పెట్టుదినము సమీపించినపుడు రెండును కుండీ లోపలి గోడను నోటితో కొరికి కొరికి శుభ్రము చేయును. సాధారణముగా మధ్యాహ్నము దాటిన పిదప ఆడుది పొట్టను గోడకానించి మెల్లగా కదలుచు వరుసలు పేర్చును. మగది వెంటనంటి వచ్చుచుండును. ఒక విడతలో వందల కొలది గ్రుడ్లుండును. మొదట నిగనిగలాడు నారింజరంగున నుండి, రోజులు గడచినకొలది నల్లబడి, తుదకు ఒక్కొక్కదానిలో వెండివలె మెరయు రెండు కన్నులు కనబడును. ఇన్ని దినములును తండ్రి రెక్కలతో నీటిని విసరుచు, చెడిన గ్రుడ్లను ఏరి తినివేయుచు కాపలా కాయును. ఈ ఘట్టమున మనము చేయవలసినది ఏమియు లేదు; చేయి పెట్టకుండుటయే గొప్ప సేవ.

మన పని వెండికన్నులు కనబడిన సాయంకాలము మొదలగును. 26 నుండి 28 డిగ్రీల నీటిలో, గ్రుడ్లు పెట్టిన ఏడవ దినము మొదలు పదవ దినము లోపల, దీపములార్పిన గంట రెండు గంటలకు పిల్లలు వెలువడును. ఆ సంధ్యవేళ కుండీని నీటినుండి పైకి తీయక, నీటితోనే గిన్నెలో నుంచి, ప్రక్కలకు నల్లకాగితమంటించిన చిన్నతొట్టికి మార్చి, గ్రుడ్ల చెంత గాలిరాయిని అమర్చవలెను. తండ్రి రెక్కల పనిని ఇక ఆ బుడగలు చేయును. ఆనాటి రాత్రి టార్చిలైటు ప్రక్కనుండి మసకగా వేసి చూచినచో, కంటికి ఆననట్టి గాజుపలుకులు, మూడు నాలుగు మిల్లీమీటర్ల ప్రాణులు, వెలుగువైపు ఎగబ్రాకుచుండును.

తెల్లవారినది మొదలు వానికి ఆకలి. పొడిమేతను అవి ముట్టవు. ఆర్టీమియా అను చిన్న ఉప్పునీటి రొయ్య పిల్ల ఆ నోటికి పెద్దది. వాని మేత కదలుచుండవలెను, నోట పట్టవలెను. అట్టిది రోటిఫర్ అను సూక్ష్మజీవి, మిల్లీమీటరులో పదవ వంతు మొదలు మూడవ వంతు వరకు ఉండును. ఆ రోటిఫర్లు బ్రతుకుటకు పచ్చనీరు కావలెను, అనగా నానోక్లోరాప్సిస్ వంటి ఏకకణపు నాచు. కావున ఈ విద్య నభ్యసించువాడు ముందుగా నాచు రైతు, పిదప రోటిఫర్ల కాపరి, తుదకే చేపల పెంపకదారు. కిటికీగట్టున ట్యూబులైటు క్రింద సీసాలలో నాచు పచ్చబడుచుండును. ప్రక్క బకెట్టులో రోటిఫర్లు పెరుగుచుండును. వానిని 53 మైక్రాన్ల జల్లెడలో వడగట్టి, పాతనీటిని పారబోసి, మిల్లీలీటరు నీటికి ఐదు మొదలు పది వరకు నిలుచునట్లు పిల్లల తొట్టిలో పోయవలెను. పిల్లల తొట్టిని కూడ లేతపచ్చగా నుంచినచో, లోపల మిగిలిన రోటిఫర్లు ఆకలిగొనవు, వానిని తిను పిల్లలకు సారము దక్కును. ఒక్క రాత్రిలో రోటిఫర్ల బకెట్టు కుళ్లి మొత్తము చచ్చుట పరిపాటి; అందుచేత తెలిసినవారు రెండు బకెట్లను వేరువేరు చోట్ల ఉంచుదురు.

ఐదారు దినములకు ఆర్టీమియా పిల్లలను కొద్దికొద్దిగా కలుపవచ్చును. పది దినములు గడచునప్పటికి నీటి నడుమ ఈదుచున్న పిల్లలు అడుగునకు దిగి, తల వెనుక మొదటి తెల్లపట్టె ధరించును. తొలిమేత మొదటి గండమైనచో, ఇది రెండవది. బాగున్న పిల్లలే ఈ మార్పునకు తట్టుకొనలేక రాలిపోవును. ప్రతిదినము సన్నని గొట్టముతో అడుగుమడ్డి తీసి, తీసినంత నీటినే బొట్టుబొట్టుగా చేర్చుట తప్ప దీనికి మందు లేదు. గండము గట్టెక్కినవి మూడు నాలుగు నెలలకు అమ్మకమునకు తగిన పరిమాణము పొందును.

వర్లీ సముద్రము వాకిటనే యుండగా ఉప్పు కొనుటెందుకని యడుగుదురేమో. వానకాలమున ఒడ్డునీటి ఉప్పదనము పడిపోవును, నగరపు మురుగు కలియుచునే యుండును. కావున అక్వేరియపు ఉప్పునే కలుపుకొనుడు. కుళాయినీటి క్లోరినును హైపోతో, అనగా సోడియం థయోసల్ఫేటుతో, విరుచుకొనుడు. క్రొత్త తొట్టిని నెలకు పైగా ఖాళీగా నడిపి, అమ్మోనియాను హరించు సూక్ష్మక్రిములు స్థిరపడిన తరువాతనే చేపలను విడువుడు. వంద లీటర్ల నీరనగా వంద కిలోల పైచిలుకు బరువు. కామాటిపురపు పాతభవనముల కొయ్యనేలలపై తొట్టిని నడుమ కాక గోడవార నుంచుట మేలు. కరెంటు పోయినపుడు గాలిపంపు ఆగకుండ బ్యాటరీ పంపు నొకదానిని కొనుట, తొట్టి కొనుటకన్న ముందే చేయదగిన పని.

ఇంత శ్రమ యెందుకు? అలంకారమునకై అమ్ముడగు సముద్రపు చేపలలో అధికభాగము నేటికిని దిబ్బలనుండి పట్టితెచ్చినవే. ఫిలిప్పీన్సు, ఇండోనేషియాలందు సయనైడు చల్లి, మైకము క్రమ్మించి పట్టుటయు కలదు. క్లౌన్ ఫిష్ తొట్టిలో పుట్టి తొట్టిలో పెరుగగలదని 1970 దశకపు తొలినాళ్లలో ఫ్లోరిడాలో మార్టిన్ మో నిరూపించెను. అతని తొలి హేచరీ తన యింటి కారుషెడ్డే. మన దేశమున కేంద్ర సముద్రమత్స్య పరిశోధన సంస్థ (సీఎమ్‌ఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రజ్ఞులు మండపములోను, విళింజములోను ఈ చేపలకు సంతానము కలిగించిరి; జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ (ఎన్‌బీఎఫ్‌జీఆర్) లక్షద్వీపపు అగత్తిలో స్త్రీలకు ఈ పెంపకము నేర్పినది; ముంబయి ప్రక్కనే ఐరోలిలో మాంగ్రోవ్ ఫౌండేషన్ వారి హేచరీ కలదు. దిబ్బలు కట్టెడి పగడములు వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి షెడ్యూలులోనివి. వానిని కొనుట నేరము. చేపను కొనునపుడు అది హేచరీలో పుట్టినదా యని అడుగుడు.

చాళ్లు కూలి, వాని చోట రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా వారి 500 చదరపుటడుగుల యిండ్లు లేచుచున్న ఈ కాలమున, ఒక గోడను ఈ విద్యకు కేటాయింపదలచినవారికి నేను చెప్పునది ఇంతే: చేపల జంటను కొనకముందు మూడు నెలలు నాచును, రోటిఫర్లను మాత్రమే పెంచి చూడుడు. అవి నిలిచినచో జంటను తెచ్చుకొనుడు. నిలువనినాడు గప్పీలతో తృప్తిపడుడు.