కొస తెలిసి కోయాలి

గోల్ఫ్ షాఫ్ట్‌ను పట్టు వైపు అర అంగుళం కోస్తే ముఖ్యంగా తగ్గేది పొడవే. అదే అర అంగుళం కొస వైపు, అంటే తల బిగించే వైపు, కోస్తే షాఫ్ట్ స్వభావమే మారుతుంది. క్లబ్బులు కట్టేవాళ్ల పనిలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసేది ఈ కొస కోతే.

షాఫ్ట్ పట్టు దగ్గర లావు, తల వైపు పోనుపోను సన్నం. మెత్తగా వంగేది ఆ చివరి భాగం. దాన్ని కొంత తీసేస్తే పైనున్న బిగువు కిందికి దిగుతుంది, బంతి కాస్త తక్కువ ఎత్తులో వెళ్తుంది. డ్రైవర్ కోసం చేసిన షాఫ్ట్‌ను త్రీవుడ్‌కు వాడాలంటే కొసన అర అంగుళం నుంచి అంగుళం దాకా, ఫైవ్‌వుడ్‌కైతే ఇంకో అర అంగుళం తీయడం మామూలు. ఎందుకంటే ఫైవ్‌వుడ్ తల మరింత బరువు. అయితే కొసన కొన్ని అంగుళాల మేరకే షాఫ్ట్ ఒకే మందంలో, 0.335 అంగుళాల వ్యాసంతో ఉంటుంది. అది దాటి కోస్తే హోసెల్‌లో, అంటే తలలో షాఫ్ట్ దూరే గొట్టంలో, పట్టదు.

పనిమంతుడి చేతిని చూడాలి! పాత ఎపాక్సీ జిగురును మెత్తబరచడానికి వేడి హోసెల్‌కే తగిలిస్తాడు, గ్రాఫైట్‌కు తగలనివ్వడు. పుల్లర్‌లో బిగించి నిటారుగా లాగుతాడు. మెలితిప్పితే లోపలి నారలు చిట్లుతాయని తెలుసు. కోసేచోట టేపు చుట్టి, రాపిడి చక్రంతో కోస్తాడు. కొస మీది రంగును నార దెబ్బతినకుండా గీకుతాడు. అంటించేముందు పొడిగా అమర్చి స్వింగ్‌వెయిట్, అంటే ఊపేటప్పుడు చేతికి తెలిసే తల బరువు, చూస్తాడు. తలకు రెండు గ్రాములు చేరిస్తే ఒక పాయింట్, పొడవు అర అంగుళం తగ్గితే మూడు పాయింట్లు: ఈ లెక్కలు ఆ చేతికి నోటిపాఠం.

హికరీ కర్రల కాలంలోనూ ఇదే ఓర్పు. సెయింట్ ఆండ్రూస్‌లో రాబర్ట్ ఫోర్గన్ వంటివాళ్లు అమెరికా హికరీతో షాఫ్టులు చేశారు. కర్రను చివ్వి చివ్వి వంపు కుదిర్చేవారు. గోల్ఫ్ దిగ్గజం బాబీ జోన్స్ చేతి అంచనాతోనే ఏరుకున్న కర్రలను తర్వాత కొలిస్తే ఒక్కటి తప్ప అన్నీ ఒకదానికొకటి సరిపోయాయని చెబుతారు. ఉక్కు షాఫ్టులను అమెరికా గోల్ఫ్ సంఘం 1924లో, బ్రిటన్‌లో నియమాలు చూసే ఆర్ అండ్ ఏ 1929లో ఒప్పుకున్నాయి. గ్రాఫైట్ ఆ తర్వాతి సంగతి.

తల, షాఫ్ట్ కుదిరితే ఏమవుతుందో గోల్ఫ్ ఆటగాడు హెన్రిక్ స్టెన్సన్‌ను చూస్తే తెలుస్తుంది. 2016లో రాయల్ ట్రూన్‌లో చివరి రోజు 63 కొట్టి ఓపెన్ గెలిచాడు. కొత్త మోడళ్లు ఎన్ని వచ్చినా తన పాత కాలవే త్రీవుడ్‌ను ఏళ్ల తరబడి వదలలేదు.

ఇప్పుడో? స్క్రూ విప్పు, షాఫ్ట్ మార్చు, బిగించు! షాఫ్ట్ కొసకు అంటించి తలకు స్క్రూతో బిగించే స్లీవ్ వచ్చాక షాఫ్ట్‌ను బల్బులా మార్చేస్తున్నారు. ఫైవ్‌వుడ్ షాఫ్ట్‌ను త్రీవుడ్ తలకు బిగిస్తే పొడవు చాలదు, కొస ఎక్కువ కోసింది కాబట్టి బిగువు ఎక్కువ, తల బరువే చేతికి తెలియదు. తిరగేసి త్రీవుడ్ షాఫ్ట్ ఫైవ్‌వుడ్‌కు పెడితే పొడవు మిగిలిపోతుంది, కొస మెత్తబడుతుంది. పట్టు వైపు పొడిగింపు ముక్క పెట్టి పొడవు తెచ్చుకోవచ్చు. కొసన పోయిన అంగుళాన్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

ఇంతకన్నా కడుపు మండేది నకిలీల సంగతి. పేరున్న జపాన్ షాఫ్టుల రంగు, అక్షరాలు అచ్చు దించి, లోపల నాసి పదార్థం చుట్టి అమ్ముతున్నారు. అసలు కంపెనీలూ తక్కువేం తినలేదు. విడిగా ఖరీదుకు అమ్మే షాఫ్ట్ పేరునూ రంగునూ క్లబ్బుతో వచ్చే చవక రకానికి తగిలిస్తున్నాయి. కొన్నవాడు మోసపోతాడు, ఆ పేరు నిలబెట్టిన ఇంజనీరు కష్టం పలచబడుతుంది.

పాత షాఫ్ట్ కొనబోయేవాళ్లకు నా విన్నపం. మొత్తం పొడవుతో సరిపెట్టుకోకండి. అది ఏ తలకు కట్టిందో, కొస ఎంత కోశారో అడగండి. జవాబు లేకపోతే కొనకండి. మీ ఊళ్లో క్లబ్బులు కట్టే మనిషి ఉంటే షాఫ్ట్ ఆయన చేతికే ఇవ్వండి. ఆయన అడిగిన కూలీ బేరమాడకుండా చెల్లించండి.