తూకంలో తేలని ఈత

ఎండలు ముదిరాయంటే సిద్దిపేట కోమటిచెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లలో కొందరు స్విమ్మింగ్ పూల్ బాట పడతారు. నెల తిరిగాక తూకం చూసుకుంటే ముల్లు కదలదు. ఈతతో లాభం లేదని తేల్చేస్తారు. తప్పు ఈతది కాదు, ఈత తర్వాతి గంటది. 70 కిలోల మనిషి అరగంట తీరిగ్గా ఈదితే ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు. బయటికొచ్చి నాలుగు మిర్చీ బజ్జీలు లాగించామా, లెక్క సరి, పైగా బాకీ. ఈత కొడితే ఆకలి దంచేస్తుందన్న మాట ఊరికే పుట్టలేదు. 2005లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో 20 డిగ్రీల నీళ్లలో సైకిల్ తొక్కినవాళ్లు, 33 డిగ్రీల నీళ్లలో తొక్కిన రోజుకంటే 44 శాతం ఎక్కువ తిన్నారు. పడ్డ కష్టం మాత్రం రెండు రోజులూ ఇంచుమించు ఒకటే. మే నెలలో మన నీళ్లు అంత చల్లగా ఉండవు, నిజమే. అయినా గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని చాలా జోరుగా లాగేస్తుంది.

1987లో అమెరికా వైద్యుడు గ్రాంట్ గ్విన్అప్ చేసిన అధ్యయనంలో నడిచిన, సైకిల్ తొక్కిన మహిళలు సుమారు పదో వంతు బరువు తగ్గారు, ఈదినవాళ్లు తగ్గలేదు కదా అని ఎవరైనా అడగొచ్చు. అందులో తిండికి కట్టడి లేదు. నా వాదనకు అదే సాక్ష్యం. 2010లో వెలువడిన, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో జరిగిన అధ్యయనంలో 50 దాటిన మహిళల్లో నడిచినవాళ్లకంటే ఈదినవాళ్లకే సుమారు కిలో ఎక్కువ తగ్గింది. కిలో గొప్పేం కాదు గానీ, ఈత దండగన్న మాటకు జవాబుగా అది చాలు.

ఇక కండ సంగతి. పోటీల ఈతగాళ్ల భుజాలు చూసి భ్రమపడొద్దు. పొడుగు చేతులవాళ్లే అంతదాకా వస్తారు, జిమ్‌లో బరువులూ ఎత్తుతారు. కానీ మోచెయ్యి పైనే ఉంచి, అరచేత్తో నీటిని తొడదాకా వెనక్కి నెట్టి చూడండి: చంక వెనక నుంచి నడుం దాకా పరుచుకున్న వీపు కండరం బిగుస్తుంది. వేగం రెట్టింపైతే నీటి అడ్డు నాలుగింతలవుతుంది. అందుకే కబుర్లాడుతూ కొట్టే ఇరవై రౌండ్లకంటే, ఆయాసం వచ్చేలా ఈది, గోడ పట్టుకుని ఆగి, మళ్లీ ఈదే ఎనిమిది రౌండ్లు కండకు మేలు. ఎముకల బలానికి మాత్రం ఈతకంటే నడకే నయం. మెడలోతు నీళ్లలో కాళ్ల మీద పడేది ఒంటి బరువులో పదో వంతే మరి. మోకాళ్ల నొప్పులతో చెరువు కట్ట ఒక్క చుట్టూ తిరగలేనివాళ్లు నీళ్లలో గంటసేపు కాళ్లాడించగలగడం కూడా ఆ పదో వంతు పుణ్యమే.