పెట్టెల్లో కెక్కిన గాదె

గాదె అనగానే మనకు పెరటిలోని వెదురు గాదె తలపునకు వస్తుంది. మధ్యయుగపు ఇంగ్లండులో క్రైస్తవ మఠాల గాదెలు కోవెలంత విశాలమైనవి. రైతులు పంటలో పదోవంతును మఠానికి చెల్లించేవారు. ఆ ధాన్యమంతా అక్కడ చేరేది. విల్ట్‌షైర్‌లో 1142లో వెలసిన బ్రాడెన్‌స్టోక్ మఠపు గాదె అటువంటిదే. పదునాలుగవ శతాబ్దపు కట్టడం. రాతిగోడల మీద భారీ కొయ్యకప్పు.

దానిని అమెరికన్ పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ 1929 ప్రాంతంలో మఠంతోపాటు కొన్నాడు. మఠపు భాగాలు కొన్ని వేల్స్‌లోని అతని సెయింట్ డొనాట్స్ కోటకు చేరాయి. గాదెను విప్పి, పెట్టెల్లో కెక్కించి, కాలిఫోర్నియాలోని శాన్ సిమియన్‌కు పంపారు. విలియం మారిస్ 1877లో స్థాపించిన ప్రాచీన కట్టడాల రక్షణ సంఘం అభ్యంతరపెట్టినా ఫలితం లేకపోయింది. గాదె అక్కడ తిరిగి లేవనేలేదు. చివరకు 1960లో శాన్ లూయిస్ ఒబిస్పోకు చెందిన హోటల్ యజమాని అలెక్స్ మడోనా దానిని కొన్నాడు.

కొన్నవాడే కాపాడినవాడని కొందరంటారు. మేము ఒప్పుకోలేము. కొయ్యకట్టడంలో ఒక దూలపు కొస మరొక దూలపు బెజ్జంలో దిగుతుంది, కొయ్యసీల దానిని బిగిస్తుంది; కప్పు బరువును అన్నీ కలిసి మోస్తాయి. విడదీస్తే మిగిలేది కలప. ఆనాటి వడ్రంగులు దూలాలపై గుర్తులు చెక్కేవారు, ఏది ఎక్కడ కూర్చోవాలో తెలియడానికి. (మన రథాల వడ్రంగులకు ఈ సంగతి వింతగా తోచదు.) ఆ గుర్తులను చదివి నిలబెట్టే చేయి లేకపోతే అవి గీతలే.

తరలింపే తప్పని మా వాదం కాదు. నాగార్జునసాగర్ నీట మునుగనున్న నాగార్జునకొండ బౌద్ధవిహారాలను 1954 నుండి తవ్వి, కొలిచి, నమోదు చేసిన తరువాతనే కొన్నింటిని కొండపైనా అనుపులోనూ పునర్నిర్మించారు. అక్కడ నీరు తరుముకొచ్చింది. బ్రాడెన్‌స్టోక్‌ను తరిమినది ఒక ధనవంతుని ముచ్చట.

హర్స్టే 1931లో స్పెయిన్‌లోని ఓవిలా మఠపు రాళ్ళనూ కొన్నాడు. అవి శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో దశాబ్దాలపాటు పడి ఉండి, కొన్ని పోయి, కొన్ని చెడిపోయాయి. మిగిలినవి 1994లో ఉత్తర కాలిఫోర్నియాలోని వైనా గ్రామపు సిస్టర్షియన్ సన్న్యాసులకు దక్కాయి. లోటుపడిన చోట కొత్త రాళ్ళు చెక్కించి, వారు ఆ మఠపు సభామందిరాన్ని నిలబెట్టుకున్నారు. ఓవిలాలో దానిని కట్టించిన సన్న్యాసులదీ ఆ సంప్రదాయమే.