కష్టసంవత్సరాంతమున "మహా సంతోషము": మన క్రిస్మస్ ప్రసంగములపై ఒక విమర్శ

క్రిస్మస్ సంతోషమును గూర్చిన ప్రసంగములకు తెలుగు సంఘములలో కొరత లేదు. డిసెంబరు మొదటి వారమునుండే సెమీ క్రిస్మస్ కూడికలు ఆరంభమగును. ఒక్కొక్క కాపరి ఆ నెలలో పది పదిహేను పర్యాయములు లూకా 2:10 మీదనే మాట్లాడవలసి వచ్చును. అన్నిసార్లు ప్రకటించిన ఆ వచనమును మనము ఎంత జాగ్రత్తగా చదివితిమన్నది వేరే ప్రశ్న. మరణముతోనో, అప్పుతోనో, రోగముతోనో గడిచిన సంవత్సరము చివర ఆ వచనము వినువారికి మన ప్రసంగము ఏమి అందించుచున్నదో ఈ వ్యాసములో పరిశీలింపదలచితిమి.

మేము సేవచేయుచున్న ఇబ్రహీంపట్నం సంగతినే తీసికొందము. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినవి. తరువాతి కొద్ది దినములలో వారిలో నలుగురు మరణించిరి. చంటిపిల్లల తల్లులు. వారు ఏ మతస్థులని అడుగుటకు మనకు పని లేదు. దూత చెప్పిన వార్త ప్రజలందరికిని ఉద్దేశింపబడినదే గదా. నాలుగు నెలలు తిరుగకమునుపే డిసెంబరు వచ్చినది. ఆ నెలలో ఈ చుట్టుపట్ల మేము విన్న ప్రసంగములలో నక్షత్రము ఉన్నది, గొఱ్ఱెల కాపరులు ఉన్నారు, జ్ఞానుల మూడు కానుకలకు మూడు అర్థములు ఉన్నవి. ఆ నలుగురు తల్లుల ప్రస్తావన మాత్రము మాకు వినబడలేదు.

దీనికంటె బాధాకరమైనది సాక్ష్యముల వరుస. "ఈ సంవత్సరమంతా ప్రభువు మమ్మును కాపాడినాడు, ఇంటిలో ఒక్కరికి కూడా ఏమీ కానివ్వలేదు" అని ఒక సహోదరుడు లేచి చెప్పును. సభ స్తోత్రము చెప్పును. అదే వరుసలో ఆ యేట భర్తను పోగొట్టుకొన్న స్త్రీ కూర్చుండి యుండును. ఆమెకు అందిన సందేశమేమి? వారిని కాపాడిన దేవుడు నా భర్తను కాపాడలేదనియే గదా. 2021 ఏప్రిల్, మే నెలలలో కరోనా రెండవ తరంగము ఎందరిని తీసికొనిపోయెనో, సమాధి కార్యక్రమమునకైనా బంధువులు రాలేకపోయిన ఇండ్లు ఎన్నో మనకు తెలియును. అయినను ఆ యేటి క్రిస్మస్‌కు కూడా ఇదే మాదిరి సాక్ష్యములను మనము ప్రోత్సహించితిమి. సాక్ష్యము చెప్పిన సహోదరుని మేము తప్పుపట్టము. ఆయన కృతజ్ఞత నిజమైనది. ఆ కృతజ్ఞతయే క్రిస్మస్ సంతోషమని బోధించిన ప్రసంగపీఠమునే మేము ప్రశ్నించుచున్నాము.

వాక్యభాగము వైపు తిరుగుదము. లూకా 2:10లోని గ్రీకు వాక్యములో సంతోషమునకు చేర్చబడిన క్రియ భవిష్యత్కాలములో ఉన్నది. మన తెలుగు అనువాదకులు దానిని "కలుగబోవు" అని నమ్మకముగా తెచ్చిరి. ఇంత స్పష్టముగా ఉన్న మాటను మనము ప్రసంగములో మ్రింగివేయుచున్నాము. ఆ రాత్రి పొలములో ఉన్న కాపరుల పరిస్థితి తెల్లవారేసరికి మారలేదు. ఔగుస్తు ఆజ్ఞ రద్దు కాలేదు, ప్రజాసంఖ్య ఆగలేదు. వార్త వచ్చినది, సంతోషము రానైయున్నది. వచ్చియున్నదానికిని రానైయున్నదానికిని నడుమ జీవించుటయే విశ్వాసమైతే, ఈ డిసెంబరులో నవ్వలేకపోవుచున్న విశ్వాసి విశ్వాసములో వెనుకబడినట్లు కాదు.

మరియొక సంగతి. "ఖరా మెగాలే" అను అదే పదబంధమును లూకా తన సువార్త చివర 24:52లో తిరిగి వాడెను. తెలుగులో మొదటిచోట "సంతోషకరమైన" అనియు, రెండవచోట "ఆనందముతో" అనియు వేర్వేరు మాటలు పడుటచేత ఈ జత మన చదువరులకు కనబడదు. అనువాదము తప్పని కాదు గాని, కాపరి దీనిని గమనింపవలెను. ఆ రెండు "మహా సంతోషముల" నడుమ లూకా ఏమి ఉంచెను? అదే రెండవ అధ్యాయములో మరియ ప్రాణములోనికి దూసికొనిపోవు ఖడ్గము, చివరకు సిలువ. పశువుల తొట్టినుండి పునరుత్థానమునకు అడ్డదారి లూకాకు తెలియదు. మన క్రిస్మస్ నాటికలకు తెలియును.

ఇక మత్తయి. మన ప్రసంగములు దాదాపు అన్నియు 2:12 దగ్గర, జ్ఞానులు వేరొక మార్గమున వెళ్లిపోవుటతో ఆగిపోవును. 16 నుండి 18 వరకు గల భాగమును క్రిస్మస్ ఆరాధనలో చదువగా విన్నవారు మన సంఘములలో అరుదు. పాశ్చాత్య సంఘము హేరోదు చంపించిన శిశువులకు డిసెంబరు 28వ తేదీని ప్రత్యేకించి ఉంచినది. మనకైతే 26వ తేదీ నుండి నూతన సంవత్సరపు వాగ్దాన కార్డుల ముద్రణ పనే సరిపోవును.

ఆ భాగములో మత్తయి పిలిచిన సాక్షి రాహేలు. ఆమె ఎవరు? ఆదికాండము 35 ప్రకారము బేత్లెహేము మార్గములో ప్రసవవేదనతో మరణించిన తల్లి. ప్రాణము పోవుచు కుమారునికి బెనోని అని పేరు పెట్టెను. నా దుఃఖపుత్రుడని దాని భావము. తండ్రి దానిని మార్చి బెన్యామీను అనెను. దుఃఖము పోయి విజయము వచ్చెనని ఈ పేరు మార్పును పొగడు ప్రసంగములు మేము చాలా విన్నాము. లేఖనము మాత్రము తల్లి పెట్టిన పేరును కొట్టివేయక ఆ వచనములోనే భద్రపరచినది. మత్తయి మరింత ముందుకు పోయెను. యిర్మీయా 31లో 15వ వచనము తరువాత ఓదార్పు వెంటనే ఉన్నది, కన్నీళ్లు ఆపుమను మాట ఉన్నది. అది మత్తయికి తెలియును. తెలిసియు, రాహేలు ఓదార్పును నిరాకరించిన చోటనే తన ఉల్లేఖనమును ఆపెను. యేసు జననవృత్తాంతములో ఓదార్పు పొందని తల్లికి ఆయన చోటిచ్చెను. ఇబ్రహీంపట్నములో ఆ యేట మనము చదువవలసిన క్రిస్మస్ పాఠము ఇదియే.

హబక్కూకు 3వ అధ్యాయమునుగూర్చి కొద్దిగా. కష్టకాలమనగానే 18వ వచనము అందరి నోట వచ్చును. కాని ప్రవక్త ఆ మాటకు ముందు ఆరు నష్టములను పేరుపేరున లెక్కించెను. అంజూరము, ద్రాక్ష, ఒలీవ, చేని పంట, గొఱ్ఱెలు, సాలలోని పశువులు. మన పెద్దచెరువు ఏండ్ల తరబడి నిండక, బోర్లు ఎండి, పట్నములో కూలికి పోయిన కుటుంబములు ఆ 17వ వచనమును విడమరచి చెప్పనక్కరలేకుండ గ్రహించును. దానిని దాటవేసి 18తో మొదలుపెట్టు బోధకుడు వారి బ్రదుకునే దాటవేయుచున్నాడు.

మన సంఘచరిత్రలో దీనికి ఉదాహరణములు లేకపోలేదు. 1876-78 నాటి కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని ఒప్పుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. గింజల కొరకు వచ్చిరన్న మాట రాకుండుటకు సహాయము జరుగుచున్నంత కాలము బాప్తిస్మములు నిలిపివేసెను. తరువాత 1878 జూలై 3న ఒక్కదినమే వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనము ఆ సంఖ్యను మాత్రమే చెప్పుదుము, కాలువను మరతుము. మెదక్‌లోను ఇంతే. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో ఆరంభమైన దేవాలయపు పని కరవు బాధితులకు కూడు పెట్టిన పని. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. నేటి యాత్రికులకు గోపురపు ఎత్తు తెలియును, ఆ పది సంవత్సరముల కూలి లెక్క తెలియదు. ఆ క్రిస్మస్ నాటి సంతోషమునకు ఆకలి వెలుపలిది కాదు, పునాదిలోనే ఉన్నది.

జర్మనీ వేదాంతి బోన్‌హోఫర్ 1943 డిసెంబరులో బెర్లిన్‌లోని టేగెల్ చెరసాలనుండి తలిదండ్రులకు వ్రాసిన ఉత్తరము వేదాంత విద్యార్థులకు తెలిసినదే. ఆడంబరము మిగిలిన చోటులకంటె చెరసాల గదిలోనే క్రిస్మస్‌ను నిజముగా ఆచరించుట సాధ్యపడునన్న భావము అందులో ఉన్నది. మన విద్యార్థులు దీనిని పరీక్షకు చదివి, సెమీ క్రిస్మస్ వేదికపై మరచుచున్నారు.

"పండుగ పూట ఏడుపు మాటలెందుకు అయ్యగారూ" అని పెద్దలు అడుగుదురు. కొంత న్యాయమున్న ప్రశ్నయే. దుఃఖించువారికి కూడా ఒక పూట పాట, కొత్త బట్టలు, నలుగురితో భోజనము అవసరము. ప్రసంగమంతయు విలాపము చేయుమని మేము అనుటలేదు. ఆ యేట మరణము సంభవించిన ఇండ్లకు కాపరి పండుగకు ముందే వెళ్లవలెను. వారు అంగీకరించినయెడల సభలో ప్రార్థనలో వారి పేర్లు చెప్పవలెను. సాక్ష్యములకు ముందు మత్తయి 2:16-18 చదువవలెను. చదివిన తరువాత వ్యాఖ్యానము తొందరపడి చెప్పక, కొంతసేపు సభను ఊరక కూర్చుండనియ్యవలెను. పాట ఎత్తుకొనుట తరువాత. ఎవరు ఎత్తుకొందురో చూడవలెను. కొన్ని సంఘములలో దుఃఖములో ఉన్న ఆ స్త్రీయే మొదట ఎత్తుకొనును.