తాడు అవతలి కొసన

టయోగా రోడ్డు ఎప్పుడు తెరుస్తారా అని కాలిఫోర్నియా బే ఏరియాలో కొందరు మే నెల నుంచే ఎదురుచూస్తుంటారు. యోసెమిటీ నేషనల్ పార్క్‌ను అడ్డంగా దాటే ఈ రోడ్డు 9,943 అడుగుల ఎత్తున కనుమ దాటుతుంది. మంచు పడగానే మూసేస్తారు, వేసవి మొదట్లో ఆ మంచు తోసి తెరుస్తారు. 2023లో మంచు ఎంతగా పేరుకుందంటే జులై 22 దాకా తెరవడం కుదరలేదు. తెరిచాక వచ్చే వారాంతాల్లో ఫ్రీమాంట్, శాన్ హోసే నుంచి బయల్దేరే కార్లలో తెలుగు మాటలూ వినిపిస్తాయి. డిక్కీలో అరవై మీటర్ల తాడు, హెల్మెట్లు, హార్నెస్‌లు ఉంటాయి. వాటి పక్కనే పులిహోర డబ్బా, ఆవకాయ సీసా.

ఎదురుచూపంతా చల్లదనం కోసం. ఎల్ కాపిటాన్ లాంటి పేరున్న గోడలు ఉన్న యోసెమిటీ లోయ 4,000 అడుగుల ఎత్తునే ఉంటుంది. జులై ఎండకి అక్కడి రాయి కాలుతుంది, అరచేతులకు చెమట పట్టి పట్టు జారుతుంది. తెలిసినవాళ్ళు ఆ లోయను వదిలేసి 8,600 అడుగుల ఎత్తున ఉన్న టువాలమీ మెడోస్‌కు వెళ్ళి గుడారం వేస్తారు. మన హైదరాబాద్‌లో దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ డిసెంబరు, జనవరి పొద్దుటిపూటలే బండలెక్కే కాలం. హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. టువాలమీలో కేథడ్రల్ పీక్ రాయికి ఇంకా తొమ్మిది కోట్ల ఏళ్ళు కూడా నిండలేదు. ఆ రాయిలో ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు బొటనవేలంత, ఒక్కోచోట అంతకన్నా పెద్దగా ఉంటాయి. చుట్టూ ఉన్న రాయి అరిగిపోగా అవి బొడిపెల్లా పొడుచుకు నిలిచాయి. గోడ నున్నగా ఉన్నచోట వాటిమీదే పాదం మోపాలి. షూ ముందంచు బొడిపె మీద ఆనించి, మడమ కాస్త దించి, ఒంటి బరువు మెల్లగా దానిమీదికి మార్చాలి. అది ఆగుతుందన్న నమ్మకం కుదరడానికి కొంత సమయం పడుతుంది.

రాత్రికి ఆవకాయ సీసా కారులో ఉండకూడదు. నల్ల ఎలుగుబంట్లు వాసన పట్టి కారు అద్దాలు పగలగొడతాయి. క్యాంపులో వాటికి అందకుండా ఇనుప పెట్టెలు ఉంటాయి. తిండితో పాటు సబ్బు, టూత్‌పేస్ట్ కూడా అందులోకే వెళ్ళాలి.

కేథడ్రల్ పీక్ శిఖరం సుమారు 10,900 అడుగులు. 1869లో గొర్రెల మంద వెంట ఈ కొండల్లోకి వచ్చిన ప్రకృతి రచయిత జాన్ మ్యూర్, ఆ సెప్టెంబరులో ఒంటరిగా, తాడు లేకుండా దీన్ని ఎక్కాడు. ఇప్పుడు ఎక్కువమంది ఆగ్నేయం వైపు గోడ మీదుగా పోతారు. దాని కష్టం 5.6, అంటే అనుభవం ఉన్నవాడు ముందు నడిస్తే కొత్తవాళ్ళూ ఎక్కగలిగేదే. ముందు వెళ్ళేవాడు పగుళ్ళలో క్యామ్‌లనే లోహపు పరికరాలు బిగించి, వాటికి తాడు తగిలిస్తూ ఓ పిచ్, అంటే తాడు అందేంత దూరం, ఎక్కి ఆగుతాడు. తర్వాత రెండోవాణ్ణి పైకి తెచ్చుకుంటాడు. ఇలా నాలుగైదు పిచ్‌లు.

ట్రిప్పుల కబుర్లు విన్నా, ఫొటోలు చూసినా అన్నింటా ఎక్కినవాడే ఉంటాడు. కింద తాడు పట్టిన స్నేహితుడి ఊసు పెద్దగా రాదు. ఈ విద్యలో సగానికి పైగా అతని చేతిలోనే ఉంది. దాన్ని ఇండోర్ జిమ్‌లో ఓ సాయంత్రం నేర్చుకుని, చిన్న పరీక్ష పాసై, అయిపోయిందనుకోవడం అన్యాయం. తాడు పట్టడానికి, అంటే బిలేకి, ఎక్కడానికి చేసినంత సాధన చేయాలి.

చూడ్డానికి సులువే. తాడు మడతని చిన్న లోహపు గొట్టంలోంచి దూర్చి, నడుం దగ్గర క్యారబినర్ అనే కొక్కేనికి తగిలిస్తారు. కింది చేత్తో తాడుని తొడ వైపు లాగి పట్టుకుంటే, వంపుల్లో రాపిడి పుట్టి జారేవాడి బరువు ఆగుతుంది. 1991లో పెట్జల్ కంపెనీ తెచ్చిన గ్రిగ్రి అనే పరికరంలో తాడు ఒక్కసారిగా పరుగెత్తితే లోపలి చక్రం తిరిగి దాన్ని నొక్కేస్తుంది. ఏది వాడినా కింది చెయ్యి మాత్రం తాడుని వదలకూడదు. నూతిలో చేద తోడినట్టు చేతులు మార్చి మార్చి లాగడం మనకి అలవాటు. కొత్తవాళ్ళ చేతులు అటే పోతాయి. బిలేలో పై చెయ్యి వచ్చి కింది చేతికి దిగువన తాడు పట్టుకున్నాకే కింది చెయ్యి జరగాలి, అదీ తాడు మీద జారుతూనే. మాటల్లో ఉన్నా, దోమ కుట్టినా ఈ వరస తప్పకూడదు.

దీన్ని పట్టుబట్టి సాధన చేసినవాళ్ళు బే ఏరియాలోని బర్కిలీలోనే ఉండేవాళ్ళు. 1930ల తొలినాళ్ళలో రిచర్డ్ లెనర్డ్, ఆయన మిత్రులు ఊళ్ళోని క్రాగ్‌మాంట్ బండ మీద చేరి, ఒకరు కావాలని కిందికి దూకితే మరొకరు తాడుతో ఆపడం నేర్చుకున్నారు. అప్పటికింకా నైలాన్ తాళ్ళు లేవు, నార తాళ్ళే. ఒక్కసారిగా బిగబట్టి ఆపితే తాడు తెగిపోవచ్చు, పడేవాడి నడుమూ విరగొచ్చు. అందుకే తాడుని ఒంటి చుట్టూ తిప్పుకుని, కాస్త జారనిస్తూ మెల్లగా ఆపడం కనిపెట్టారు. ముందు వెళ్ళేవాడు పడనే కూడదని అందరూ అనుకునే రోజులవి. వీళ్ళు మాత్రం పడడానికే తయారయ్యారు. 1934లో లెనర్డ్, జూల్స్ ఐకార్న్, బెస్టర్ రాబిన్సన్ యోసెమిటీలో హయ్యర్ కేథడ్రల్ స్పైర్ ఎక్కారంటే ఆ సాధన పునాదిగా ఉంది. ఇవాళ అదే బర్కిలీలో తెలుగు విద్యార్థులు ఎందరో చదువుకుంటున్నారు. క్రాగ్‌మాంట్ పార్క్‌కి ఓసారి వెళ్ళి రావడం వాళ్ళకి పెద్ద పని కాదు.

ముడి సరిచూడ్డం కూడా బిలే మనిషి పనే. 1989 మేలో ఫ్రాన్స్‌లోని బ్యూ దగ్గర లిన్ హిల్, అప్పటికే ప్రపంచంలోని అగ్రశ్రేణి క్లైంబర్లలో ఒకరు, హార్నెస్‌లోంచి తాడు గుచ్చి, ముడి పూర్తి చేయకుండానే షూ కోసం వెళ్ళి మాటల్లో పడ్డారు. వేసుకున్న జాకెట్ ఆ లోపాన్ని కప్పేసింది. పైకి చేరి వెనక్కి వాలగానే డెబ్బై అడుగులకు పైగా పడిపోయారు. చెట్టుకొమ్మలు అడ్డుపడి ప్రాణం దక్కింది, మోచేయి కీలు తప్పింది. నాలుగేళ్ళకి, 1993లో, ఎల్ కాపిటాన్ మీది నోస్ దారిని పరికరాల మీద బరువు వేయకుండా మొత్తం ఎక్కిన మొదటి మనిషి ఆమే. అంతటి నిపుణురాలికే జరిగిందంటే, స్నేహితుల మధ్య మొహమాటానికి చోటెక్కడిది?

"ముడి చూపించు బావా."

"ఇదిగో. నీ క్యారబినర్ లాక్ అయిందా?"

"అయింది, నొక్కి చూడు."

ఎన్నో ఏళ్ళుగా కలిసి ఎక్కుతున్నవాళ్ళు కూడా ప్రతి పిచ్‌కీ ఇలా అడిగి చూడాలి.

కేథడ్రల్ మీద ఇంకో చిక్కు ఉంది. వేసవి వారాంతాల్లో గోడ కింద జనం వరస కడతారు. పైన ఒకేసారి నాలుగైదు జట్లుంటాయి. "ఆఫ్ బిలే", అంటే ఇక తాడు వదలొచ్చు, అని ఎవరో అరిస్తే, అది తన జతగాడి గొంతే అనుకుని తాడు వదిలేసే ప్రమాదముంది. అందుకే కేకకి ముందు పేరు పెట్టి పిలవాలి. గాలి హోరుకి అదీ వినపడకపోతే తాడుని ఎన్నిసార్లు లాగితే ఏమిటి అర్థమన్నది కిందే తేల్చుకోవాలి. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నానికి అక్కడ ఉరుములతో వాన రావచ్చు. శిఖరానికి మెరుపు భయం ఉంటుంది. ఎక్కేవాడి కళ్ళు రాతి మీదే ఉంటాయి కనుక మబ్బుని ముందు గమనించగలిగేది తాడు పట్టినవాడే. అతను దిగిపోదామంటే ఆ మాట చెల్లాలి.

ఇదంతా తెలుగునాటే నేర్చుకోదలిస్తే భువనగిరి కోట ఏకశిల ఉంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలి శిక్షణ ఆ బండ మీదే తీసుకున్నారు.

ఎక్కడ నేర్చుకున్నా, టువాలమీ చేరిన మొదటి రోజే శిఖరం జోలికి పోకపోవడం మంచిది. ఎత్తుకి తలనొప్పి పట్టుకోవచ్చు. ఆ రోజు దగ్గర్లోని చిన్న గుండు మీద వంతులవారీగా కావాలని జారి, ఆపడం సాధన చేయొచ్చు. మూడో మనిషి పక్కన నిలబడి తాడు చివర పట్టుకుని ఉండాలి. జతలు కట్టేటప్పుడు బరువు కూడా చూసుకోవాలి. తేలిక మనిషి కింద ఉంటే అతని హార్నెస్‌ని రాతికి లంగరు వేసి కట్టాలి, లేదంటే పైవాడు జారినప్పుడు కిందివాడు నేల విడిచి లేచి గోడకి గుద్దుకుంటాడు.